నీడ తియ్యి, చెల్లెమ్మా

పెట్టెలో ఆయన చేతులు కదలడం లేదు. ఒకదాని మీద ఒకటి వేసి, నల్ల కోటు బొత్తాల మీదికి వచ్చేలా పొందికగా పెట్టారు ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు. ముఖానికి ఏదో రంగు కూడా రాశారు. ముఖం సంగతి సరే, గుర్తుపట్టాను. ఆ చేతులే ఎవరివో అనిపించాయి. వాటిని అంత నిలకడగా నేను చూసింది ఒకే ఒక్క మధ్యాహ్నం, అదీ కాసేపే.

వదిన నా పక్కన నిలబడి, తన మామూలు గొంతుతోనే, "చూశావా, ఎంత బుద్ధిగా ఉన్నాయో. ఇన్నేళ్ళు బతిమాలితే వినలేదు," అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడవడానికి ముందు నేను ఇంకో పని చేశాను. వెనక కిటికీలోంచి వస్తున్న ఎండకు నా నీడ ఆయన ఛాతీ మీద పడుతోంది. చటుక్కున పక్కకు జరిగాను. చూస్తే వదిన కూడా జరిగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ మనిషితో కొన్నాళ్ళు తిరిగినవాళ్ళకు ఎవరికైనా నీడ చూసుకుని నిలబడడం అలవాటైపోతుంది.

ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. డెబ్భైల చివర్లో అమెరికాలో, షాంటిలీ చుట్టుపక్కల ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ కలిపితే ఒక గదిలో పట్టేవి. నిజంగానే ఒక గదిలో పట్టాయి. ఒక అమెరికన్ చర్చివాళ్ళు వాళ్ళ బేస్‌మెంటు మాకు ఇస్తే, అక్కడ తెలుగులో పాటలు, ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. అందరం గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళం. అక్కడ మగవాళ్ళంతా బ్రదర్లు, ఆడవాళ్ళంతా సిస్టర్లు. ఈయన ఒక్కరే నన్ను చెల్లెమ్మా అన్నారు. కాబట్టి నేను అన్నయ్యా అన్నాను, ఆవిడ వదినైంది. ఆయన ఉద్యోగం వంతెనలకు సంబంధించిన లెక్కలేవో. ఏనాడూ వాటి గురించి మాట్లాడలేదు.

ఆయనతో నేను తిరగడానికి కారణం సీతాకోకచిలుకలు కాదు, నా డ్రైవింగ్. మా ఆయన నాకు కారు నేర్పుతూ, తన వైపు లేని బ్రేకును కాలితో తొక్కుతూ, "చంపేస్తావే నన్ను!" అని కేకలు పెట్టేవాడు. ఆ కాపురం నిలబడాలంటే ఇంకెవరో నేర్పాలి. పర్మిట్ మీద నడిపేవాళ్ళ పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలని రూలు. అన్నయ్యకు లైసెన్సు ఉంది, వణకకుండా స్టీరింగ్ పట్టుకునే చేతులే లేవు. వదిన హాస్పిటల్లో నర్సు, శనివారాలు డ్యూటీ. ఒక ఆదివారం బేస్‌మెంటులో అందరికీ చారు పోస్తూ ఆవిడే తేల్చేసింది.

"శనివారాలు ఈయన్ని ఎక్కించుకుని తిరుగు. నీకు ప్రాక్టీసు, ఆయనకు పురుగులు."

వదినకు అవి చివరిదాకా పురుగులే.

మొదటి శనివారమే నాకు ప్రాణం మీదికొచ్చింది. "అక్కడ తిరుగు" అని ఆయన చెయ్యి చూపిస్తే, ఆ చెయ్యి రోడ్డుకు అటూ ఇటూ రెండు పక్కలా చూపిస్తోంది. "నోటితో చెప్పండి అన్నయ్యా, చేత్తో వద్దు!" అని అరిచాను. అరిచాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం పకపకా నవ్వి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నారు. ఆ తర్వాత కారులో ఎప్పుడూ అలాగే కూర్చునేవారు. "లెఫ్ట్ తీసుకో. స్లో చెయ్యి. ఆ చెట్టు కింద పార్క్ చెయ్యి. అబ్బ, చెట్టు కింద అన్నాను, చెట్టు మీద కాదు."

మేం వెళ్ళేది ఒక పాడి ఫారం వెనక ఉన్న వాగు గట్టుకు. ఇప్పుడక్కడ వరసగా ఇళ్ళున్నాయి. అప్పుడు కంచె, కంచె అవతల ఆవులు, ఇవతల తడినేల, దాని మీద చిన్న చిన్న తెల్లపూల గడ్డి మొక్కలు. ఏప్రిల్‌లో చెట్లకు ఇంకా ఆకులు రాకముందు ఎండ నేల దాకా దిగుతుంది. ఆ కొద్దిరోజులే ఆయనకు పండగ. కారు దిగగానే చేతి గడియారం తీసి నా చేతికిచ్చేవారు, అద్దం తళుక్కుమంటే అవి బెదురుతాయని. ఎలకరంగు స్వెట్టరు ఒకటి ఉండేది, ప్రతి వసంతం అదే. నాకు మాత్రం ఏమీ చెప్పలేదు. నేను పసుపుపచ్చ చీర కట్టుకుని, దాని మీద కోటు వేసుకుని వెళితే, "నువ్వు బానే ఉన్నావులే, నిన్ను చూసి పెద్ద పువ్వనుకుంటాయి," అన్నారు.

ఆయన చెప్పిన పాఠం ఒక్కటే, నీడ. "నీ అడుగుల చప్పుడు వాటికి పట్టదు. నీ మాటలు పట్టవు. నీ నీడ మీద పడిందా, పిట్టొచ్చిందనుకుని పారిపోతాయి. సూర్యుడెక్కడున్నాడో చూసుకుని నడువు." నడుస్తున్నంతసేపూ "నీడ, నీడ" అంటూ ఉండేవారు. ఆ మాట ఆయన నోట ఎంత నానిందంటే, బేస్‌మెంటులో ప్రసంగీకుడికీ లైటుకీ మధ్య ఎవరైనా అడ్డం వచ్చినా "నీడండీ" అనేవారు, వదిన పొయ్యి దగ్గర గిన్నెలోకి తొంగిచూసినా "నీడ" అనేవారు. "పప్పు ఎగిరిపోతుందా?" అని ఆవిడ గరిటె చూపించేది.

పప్పు అంటే గుర్తొచ్చింది. కెమెరాకు కాళ్ళ స్టాండు ఒకటి ఉండేది గానీ, దాని మరలు బిగించడం ఆయన వేళ్ళకు చేతకాకుండా పోయింది. అందుకని వదిన పాత లుంగీ గుడ్డతో ఒక చిన్న సంచి కుట్టి, దాన్నిండా కందిపప్పు పోసి ఇచ్చింది. రాయి మీదో కంచె గుంజ మీదో ఆ సంచి పెట్టి, దాని మీద కెమెరా ఆనిస్తే, బరువుకు సంచి కుంగి కెమెరాను ఒడిసి పట్టుకుంటుంది. చక్కటి ఉపాయం. అయితే ఆ రోజుల్లో కందిపప్పు కావాలంటే చాలా దూరం డ్రైవ్ చేసి వెళ్ళి తెచ్చుకోవాలి. ఇంట్లో పప్పు అయిపోయి చుట్టాలొచ్చారంటే వదిన సంచి కుట్టు విప్పేసేది. ఒకసారి నేను వాళ్ళింట్లో మామిడికాయ పప్పు తింటుంటే అన్నయ్య నా కంచంలోకి దిగులుగా చూస్తూ, "తిను చెల్లెమ్మా, తిను. వచ్చే శనివారం ఫొటోలు నీ పొట్ట మీద పెట్టి తీస్తాను," అన్నారు.

దొరికిన ప్రతిదానికీ మావాళ్ళ పేరు పెట్టేవారు. తెలుగులో వీటికి విడివిడిగా పేర్లున్నాయో లేదో తనకు తెలియదని, ఇంగ్లీషు పేర్లు నోటికి రుచించవని. మంచు పూర్తిగా కరగకముందే వచ్చి మాను మీద కారే జిగురు తాగే ముదురు గోధుమరంగు దానికి, అంచున జరీలాంటి గీత ఉంటుంది, మా సంఘంలో అందరికంటే ముందొచ్చి ముందు కుర్చీలో కూర్చునే ఒక పెద్దావిడ పేరు పెట్టారు. ఎక్కడ పడితే అక్కడ కనిపించే తెల్లది ట్రెజరరుగారు. బురద మీద గుంపుగా వాలే చిన్న నీలాలు సండే స్కూలు పిల్లలు. నాకు ఏ పేరు ఇచ్చారో అడిగాను. "నువ్వు ఇంకా పురుగువే, రెక్కలు రాలేదు. రోడ్ టెస్టు పాసవ్వు, చూద్దాం."

ఒక్కదానికి మాత్రం పేరు పెట్టలేదు. రూపాయి బిళ్ళంత ఉంటుంది, తెల్లది, రెక్కల కొసలు సింధూరంలో ముంచి తీసినట్టు నారింజరంగు. రెక్కలు మూస్తే అడుగున పచ్చటి నాచు అల్లిక. వాగు గట్టు పొడుగునా పోతుంది, వస్తుంది, పోతుంది. వాలదు. వాలినా మనం ఊపిరి పీల్చుకునేలోపు లేస్తుంది.

"పదకొండు నెలలు గూడులోనే, ఏ కాడకో ముల్లులా అతుక్కుని పడుంటుంది చెల్లెమ్మా. మూడు వారాలు తిరుగుతుంది. ఆ మూడు వారాల్లో మనకు దొరికేది శనివారాలు. ఆ శనివారాల్లో ఎండ కాయాలి. ఎండ కాస్తే ఇది ఎగురుతూనే ఉంటుంది."

"మరి ఎలాగండీ?"

"అదే కదా."

దీనికి పేరెందుకు పెట్టలేదని అడిగితే, ఫొటో వచ్చాక పెడతానన్నారు. ఆ ఒక్క ఫొటో ఎందుకంత కావాలో ఒకరోజు వాగు పక్కన రాయి మీద కూర్చుని చెప్పారు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆయన ఎన్నో తీశారట, అన్నీ బాగా వచ్చాయట. దీన్ని మాత్రం చూడలేదు. చూసిన మొదటి వసంతంలో, అది ఒక పువ్వు మీద వాలిన ఆ క్షణంలో, కెమెరాలో కన్ను పెట్టారు. లోపల పువ్వు ఊగుతోంది. గాలి అనుకున్నారు. గాలి ఆగనీ అని చూస్తున్నారు. కన్ను తీసి చూస్తే గడ్డి కదలడం లేదు. ఏ ఆకూ కదలడం లేదు.

"అలా తెలిసింది," అన్నారు. "డాక్టరు చెప్పింది తర్వాత. ముందు నాకు ఇదే చెప్పింది. చేతులు బావున్నన్నాళ్ళు కనపడలేదు, కనపడేసరికి చేతులు పోయాయి. ఒక్కటంటే ఒక్కటి, రెక్క మీద పొడి కనిపించేలా తియ్యాలి చెల్లెమ్మా. తర్వాత ఎలా పోయినా పర్లేదు."

"తీస్తారులెండి," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆ వణుకు ఎంత దొంగదంటే, అన్నం కలుపుకునేటప్పుడు కాస్త తగ్గేది, చొక్కా బొత్తాం దగ్గర తగ్గేది. కెమెరా ఎత్తి, గురి చూసి, ఇక ఆగాలి అనేసరికి మళ్ళీ మొదలయ్యేది. మాత్ర వేసుకున్నాక ఒక గంటో రెండు గంటలో కొంత నయం. దాని బలం తగ్గిపోతే వణుకుతోపాటు ఒళ్ళంతా బిగుసుకుపోయేది. ఏడాదేడాదికీ ఆ నయంగా ఉండే గంటలు కురచైపోయాయి. నేను రోడ్ టెస్టు పాసయ్యాను, పక్కన మనిషి అక్కర్లేకుండా పోయింది, అయినా వసంతమొస్తే శనివారాలు ఆయనవే. ఆయన కెమెరా ఎత్తినప్పుడల్లా నా పళ్ళు బిగుసుకునేవి. చూడలేక ఒకసారి అనేశాను.

"మీరు ఫోకస్ చెయ్యండి అన్నయ్యా, బటన్ నేను నొక్కుతాను."

"నువ్వు నొక్కితే నీ ఫొటో అవుతుందమ్మా," అన్నారు నెమ్మదిగా. ఇంకోసారి అడగనివ్వలేదు.

కెమెరా కొట్టువాడు ఫ్లాష్ కొనమన్నాడు, ఆ వెలుగుకు వణుకు తెలియదట. కొన్నారు. ఫొటోల్లో ముందున్నది వెలిగి, వెనకంతా నల్లగా వచ్చింది. "ఎండలో తిరిగేదాన్ని తీసుకెళ్ళి చీకట్లో పెట్టానేంటి?" అని దాన్ని బీరువాలో పడేశారు. ఇంకొకాయన, మా సంఘంలోనే, వలతో పట్టి కాసేపు ఐస్‌బాక్సులో పెడితే అవి మొద్దుబారి కదలకుండా కూర్చుంటాయని, పత్రికలవాళ్ళు అలాగే తీస్తారని సలహా ఇచ్చాడు. అన్నయ్యకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"కదల్లేకుండా చేసి కూర్చోబెట్టి తియ్యమంటారా? కదల్లేకపోవడం ఎలా ఉంటుందో తెలుసా మీకు?"

పాపం, ఆయన మంచికే చెప్పాడు. ఆ రోజు ఇద్దరూ భోజనం చెయ్యలేదు.

మే నెలలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, బేస్‌మెంటు కిటికీలకు దుప్పట్లు కట్టి అన్నయ్య స్లైడ్లు వేసేవారు. అది మాకు ఏటేటా జరిగే వేడుకైపోయింది. ఒక తెల్లటి దుప్పటి తెర. దాని మీద పసుపుపచ్చ మరక, నీలం మరక, ఎవరో తడి చేత్తో తుడిచినట్టు. మావాళ్ళు ఎంత మంచివాళ్ళంటే, "ఆహా, రంగు చూడండి బ్రదర్!" "ఇది పోయినేడాది దానికంటే బావుంది!" అనేవారు. పిల్లలు మాత్రం, ఇక్కడ పుట్టిన పిల్లలు కదా, "అంకుల్, ఇట్స్ బ్లర్రీ" అని ఉన్నమాట అనేసేవారు. అన్నయ్య, "అవున్రా, వెరీ బ్లర్రీ," అని ఒప్పుకుని ఇంకోటి వేసేవారు. చీకట్లో నేను ఆయన ముఖం చూసేదాన్ని కాదు.

ఇక ఆ శుక్రవారం గురించి.

మంచి శుక్రవారం నాడు మా వాళ్ళకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ఒక్కొక్కరు నిలబడి మాట్లాడతారు. మూడయ్యేదాకా ఉపవాసం. అన్నయ్యలాంటి పాతకాలపు వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి పక్కన మొదలుపెట్టిన నియమం అది, ఏ ఏడూ తప్పలేదు. ఎప్పుడూ ఆ మూడు గంటలే వాగు గట్టున మంచి ఎండ ఉండే గంటలు. ఆ ఏడు మాత్రం ఆ అమెరికన్ చర్చివాళ్ళకే మధ్యాహ్నం హాలు కావలసివచ్చింది, మమ్మల్ని సాయంత్రం పెట్టుకోమన్నారు. అన్నయ్యకు వచ్చింది ఐదో మాట, దాహం గురించినది. ఉదయం పది గంటలకే ఫోను.

"చెల్లెమ్మా, సాయంత్రందాకా ఖాళీయే కదా? ఎండ చూశావా?"

వదిన డ్యూటీకి వెళుతూ, పన్నెండింటికి వేసుకోవలసిన మాత్రను టిష్యూలో చుట్టి ఆయన జేబులో పెట్టిందట. గుమ్మం దాటాక వెనక్కొచ్చి మళ్ళీ చెప్పి వెళ్ళిందట. నాకు ఆ సంగతి తెలియదు. కారులో ఆయన చేతుల మీద కూర్చుని, సాయంత్రం చెప్పబోయే ప్రసంగాన్ని గొణుక్కుంటూ ఉన్నారు.

వాగు దగ్గరికి చేరేసరికి నారింజ కొసలది తిరుగుతూనే ఉంది. పోతోంది, వస్తోంది. మేం రాయి మీద కూర్చున్నాం. ఎంతసేపో. ఉన్నట్టుండి ఎండ పోయింది. పడమటి నుంచి మబ్బు వచ్చి మూసేసింది, చలిగాలి కొట్టింది. నేను కోటు దగ్గరికి లాక్కున్నాను. అది వస్తూ వస్తూ, మా ముందు నాలుగడుగుల దూరంలో, ఒక తెల్లపూల కాడ మీద వాలింది. రెక్కలు మూసింది. లేవలేదు.

"ఎండ లేకపోతే దానికి ఒంట్లో సత్తువ ఉండదు," అన్నారు అన్నయ్య గుసగుసగా. "ఎవరూ ఏమీ చెయ్యలేదు చూశావా. దానంతటదే కూర్చుంది."

ఆయన్ని బోర్లా పడుకోబెట్టడానికి నేను పట్టుకోవలసివచ్చింది, అంతగా బిగుసుకుపోయి ఉన్నారు. కందిపప్పు సంచి నేల మీద పెట్టాను, దాని మీద కెమెరా పెట్టుకున్నారు. లెన్సు తిప్పడానికి ఎడమచెయ్యి వేశారో లేదో, కెమెరా సంచి మీద తల ఊపడం మొదలుపెట్టింది. చెయ్యి తీస్తే ఆగుతుంది, వేస్తే ఊగుతుంది. మోచెయ్యి తగిలి గడ్డి కదిలింది. కాడ కదిలింది. ఆయన ఠక్కున చెయ్యి లాగేసుకుని, చెంప నేలకు ఆనించి అలా ఉండిపోయారు.

"మాత్ర వేసుకున్నారా?"

ఆయన ఎడమచేతిని ఛాతీ కిందికి దోపుకున్నారు.

"అన్నయ్యా! మాత్ర?"

"మూడింటికి."

"మూడింటికా? నీళ్ళు తాగకూడదనా? వదినకు తెలిస్తే—"

"తెలిస్తే ఏముంది, తిడుతుంది," అన్నారు. కళ్ళు మాత్రం దాని మీదే ఉన్నాయి. ఎంత దగ్గరగా ఉందంటే, దాని రెక్క అడుగున పచ్చటి అల్లిక నాకే కనిపిస్తోంది, అద్దాలు లేకుండా. జీవితంలో అది అలా కూర్చుంటుందని ఇద్దరం అనుకోలేదు. చివరికి ఆయన ఎవరితోనో అన్నట్టు, "ప్రభువుకు తెలుసులే," అని, "జేబులో ఉంది, తియ్యి," అన్నారు.

టిష్యూ విప్పి మాత్ర నోట్లో వేశాను. ఫ్లాస్కులో నీళ్ళు మూతలో పోసి తాగించాను. సగం గడ్డం మీద పోయాయి. మింగి కళ్ళు మూసుకున్నారు. అది పని చెయ్యడానికి అరగంటన్నా పడుతుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆయన నేల మీద, నేను పక్కన గొంతుకూర్చుని, అది కాడ మీద.

మబ్బు అంచు తెల్లబడడం నేనే ముందు చూశాను. ఆయన చేతుల వంక చూశాను. కుడిచెయ్యి దాదాపు ఆగింది. ఎడమచేతి బొటనవేలు ఒకటి ఇంకా గింజలు లెక్కపెడుతున్నట్టు ఆడుతోంది. ఇంకో పది నిమిషాలు, అంతే. ఆ పది నిమిషాలు ఎవర్ని అడగాలో తెలియక నాకు పిచ్చెక్కిపోయింది. ఎండ వాగు అవతలి గట్టు మీద పడింది. నీళ్ళ మీదికొచ్చింది. నేను లేచి కోటు విప్పాను. రెండు చేతులతో చాపి, సూర్యుడికీ ఆ కాడకూ మధ్య అడ్డంగా పట్టుకుని నిలబడ్డాను. చుట్టూ గడ్డంతా వెలిగిపోయింది, ఆ కాడ ఉన్నచోటు మాత్రం నా కోటు నీడలో చల్లగా ఉంది. అది కదల్లేదు. గెలిచాననుకున్నాను.

"ఏం చేస్తున్నావు?" అన్నారు.

"మీ పని మీరు చూసుకోండి అన్నయ్యా. నేను ఎంతసేపైనా పట్టుకుంటాను."

ఆయన తల తిప్పి నన్ను చూశారు, కోటును చూశారు. బొటనవేలు ఇంకా ఆడుతూనే ఉంది.

"నీడ తియ్యి, చెల్లెమ్మా."

"అన్నయ్యా, పది నిమిషాలు—"

"దానికి చలేస్తోందమ్మా. తియ్యి."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. తియ్యనని అందామనుకున్నాను. ఆయన నన్నే చూస్తున్నారు. కోటు దించాను.

ఎండ పడగానే అది రెక్కలు విప్పింది. రెండూ బార్లా చాపి, నారింజ కొసలు మా వైపు పెట్టి, చలి కాచుకుంది. అన్నయ్య కెమెరాకు కన్ను ఆనించారు, వేళ్ళు లెన్సు మీదికి పోయాయి, కాస్త తిప్పారు, ఇంకాస్త తిప్పారు. అది లేచిపోయింది. వాగు వెంబడి కొంతదూరం తెల్లగా కనిపించి, ఇక కనిపించలేదు.

ఆయన కన్ను తియ్యలేదు. అలాగే ఉన్నారు. అప్పుడు చూశాను ఆ చేతుల్ని. ఎడమచెయ్యి లెన్సు చుట్టూ, కుడిచెయ్యి బటన్ మీద, రెండూ కదలకుండా, మా అందరి చేతుల్లాగే. వేళ్ళు సన్నగా, అందంగా ఉన్నాయి. నేను అంతకుముందు గమనించనేలేదు. ఆయన ఎంతో తీరిగ్గా లెన్సు తిప్పి, ఊపిరి బిగబట్టి, ఖాళీ కాడను ఫొటో తీశారు.

ఆ సాయంత్రం ఐదో మాట వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, "నేను ఇవాళ మధ్యాహ్నం నీళ్ళు తాగానండీ. ఈ మాట మీద నన్ను వదిలెయ్యండి," అన్నారు. పెద్దాయన ఒకరు, "మందు కోసమే కదా బ్రదర్, తప్పేముంది," అన్నారు జాలిగా. "మందు కోసం కాదండీ," అని కూర్చున్నారు అన్నయ్య. ఎవరికీ అర్థం కాలేదు. వదిన నా వంక చూసింది. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

మే నెలలో దుప్పట్లు కట్టారు. ప్రొజెక్టరు పక్కన, ఎప్పట్లాగే, నేను. మరకలు వచ్చాయి, పోయాయి. ఆఖరున ఒక కాడ వచ్చింది. పచ్చటి కాడ, దాని కొసన నాలుగు తెల్లపూలు, కాడ మీది సన్నటి నూగుతో సహా, ఒక పువ్వు రెక్క మీద నలక కూడా కనిపిస్తోంది. ఎవరో మెల్లగా, "సీతాకోకచిలుక ఏదండీ?" అన్నారు.

"ఇప్పుడే వెళ్ళింది," అన్నారు అన్నయ్య. "మీరు ఫోకస్ చూడండి."

వెనక నుంచి వదిన వచ్చి నా పక్కన వంగింది. ఆవిడ నర్సు, అందరికంటే ముందు ఆవిడకే అర్థమైంది. "ఇది తీసినప్పుడు చేతులు ఆగాయా?" అంది నా చెవిలో. ఆగాయన్నాను. "ఎలా ఉన్నాయే?" అంది. బావున్నాయి వదినా అన్నాను. మాత్రలు ఇచ్చేది ఆవిడ, చొక్కా తొడిగేది ఆవిడ, అప్పటికి చాలా ఏళ్ళుగా ఆ చేతులు పూర్తిగా ఆగడం ఆవిడ చూడలేదు.

ఆ స్లైడు ఆయన మార్చలేదు. ఎక్కువసేపు ఉంచితే బల్బు వేడికి స్లైడు ఉబ్బి బొమ్మ చెదిరిపోతుంది. చెదిరింది. కాడ మసకబారి, తక్కినవాటిలాగే తెర మీద ఒక పచ్చ మరక అయింది. అన్నయ్య లేచి ప్రొజెక్టరు లెన్సు మీద చెయ్యి వేశారు. సాయంత్రమైంది, మాత్ర బలం అయిపోయింది. చెయ్యి అటు తోసింది, ఇటు లాగింది, మరక పెద్దదైంది, చిన్నదైంది. లెన్సు నా మోచేతి పక్కనే ఉంది. ఒక్కసారి తిప్పితే చాలు. నేను తిప్పితే అది నా ఫొటో అవుతుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. వదిన నా భుజం పట్టుకుంది. ఆ గదిలో చిన్నపిల్లలతో సహా ఎవరూ మాట్లాడలేదు.

చాలాసేపటికి, కొంచెం కొంచెంగా, నూగు మళ్ళీ కనిపించింది.

"ఇదిగో," అన్నారు అన్నయ్య. "ఇప్పుడు చూడండి."